తువాలు కింద మాట

పోయిన వారం మనం వెంకటరావమ్మను ఇంటి వసారాలో, చెవి దగ్గర ఫోన్‌తో వదిలేసి వచ్చాం. అవతల మాట్లాడింది బుల్లయ్యగారు. వేములపాలెం నియోజకవర్గానికి ఐదుసార్లు ఎమ్మెల్యేగా చేసిన బుల్లయ్యగారు. పోయి పద్నాలుగు నెలలైన బుల్లయ్యగారు.

"ఏమ్మా వెంకటరావమ్మా, అన్నం తిన్నావా. నేను బుల్లయ్యని. తువాలు కింద మాట తువాలు కిందే ఉంది. నువ్వు మాత్రం మర్చిపోమాక."

అంతే. ఆ తర్వాత బతికున్నప్పుడు చేసినట్టే గొంతు సవరించుకున్న చప్పుడు. ఫోన్ ఆగిపోయింది.

వెంకటరావమ్మ దయ్యాలకు జడిసే మనిషి కాదు. నలభై అయిదేళ్ళ వయసులో, వెనక ఏ పార్టీ లేకుండా, అదే బుల్లయ్యగారి కొడుకు శివరామకృష్ణ మీద ఇండిపెండెంటుగా నిలబడ్డ ఆడది దయ్యాలకేం జడుస్తుంది. చచ్చినవాళ్ళ గొంతును కంప్యూటర్లో పుట్టించి ఓట్లడిగించడం ఈ రోజుల్లో వింత కాదని ఆమెకు తెలుసు. గొంతు పుట్టించారు, సరే. ఆ మాట ఎక్కణ్ణించి పుట్టింది? అది ఇద్దరికే తెలుసు. ఒకరు కాటికి పోయారు. రెండో మనిషి తనే.

తెల్లారితే ప్రచారానికి ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి మైకులు ఆపెయ్యాలి. పొద్దున్నే మూడు ఊళ్ళు తిరిగి, సాయంత్రం వేములపాలెం సెంటర్లో ముగింపు సభ పెట్టుకుంది. వ్యాను కౌసర్ నడుపుతోంది. కౌసర్ అంటే వెంకటరావమ్మకు ఎన్నికల ఏజెంటు, డ్రైవరు, ఇంట్లో జ్వరం వస్తే గంజి కాచే మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళది. ఎనిమిదేళ్ళ నుంచి వెంటే ఉంది. 'పిన్నీ' అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా వెంకటరావమ్మ ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది. ఎందుకో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

మొదటి ఊళ్ళోకి వ్యాను తిరగ్గానే ఏదో తేడా కొట్టింది. పది రోజుల కిందట ఇదే వీధిలో హారతులిచ్చారు. కూలి పని నుంచి పైకొచ్చిన మన మనిషి అని చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇవాళ గడపల్లోనే నిలబడ్డారు. తిట్టలేదు, మొహం చాటెయ్యలేదు. ఊరికే నిలబడి చూశారు. మైకులో పాట ఒక్కటే వీధంతా తిరుగుతోంది.

"అబ్బాయ్, మీ అందరికీ ఏమన్నా ఫోన్లు వచ్చినయ్యా?" అని ఒక రైతును అడిగింది.

"మాకెందుకొస్తయ్యమ్మా, రాలా," అన్నాడతను, అవసరమైన దానికంటే తొందరగా.

పక్కావిడనడిగితే ఆవిడకూ రాలేదు. ఊరి చివర కల్లంలో ఆఖరి కోత మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. రాసి పక్కన ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెంకటరావమ్మ ఆయన దగ్గరికి నడిచింది. ఇంతలో ఫోన్ మోగింది. చుట్టూ చూస్తే ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. చప్పుడు ఆ మిరపకాయల రాసి లోపల్నుంచి వస్తోంది. పైకాయలు కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

"నీ ఫోన్ కాదా పెదనాన్నా?"

"మాది కాదమ్మా."

కల్లం ఆయనదే, కాయలూ ఆయనవే. ఫోన్ మోగీ మోగీ ఆగింది. మళ్ళీ మొదలైంది. పెద్దాయన దోసెడు కాయలు తీసి ఆ కదులుతున్న చోట పోశాడు, చంటిపిల్లకు దుప్పటి కప్పినంత నెమ్మదిగా. ఓటు సంగతి అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నాడు. మన వైపు చూద్దాంలే అంటే చూడరనే అర్థం.

మిగతా రెండు ఊళ్ళూ అంతే. మధ్యాహ్నానికి వెంకటరావమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. శివరామకృష్ణనే నేరుగా అడగాలి.

తువాలు సంగతి తెలియని చిన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. వెనకటి రోజుల్లో మిరపకాయల బేరం నోటితో జరిగేది కాదు. కమీషన్ ఏజెంటూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్ళు. పక్కనున్నవాడికి అంతు చిక్కేది కాదు. బుల్లయ్యగారు అలాంటి ఏజెంటుగానే మొదలయ్యాడు. తాతల పేరు చెప్పుకుని కాదు, తన రెక్కల మీద పైకొచ్చాడు. ఆ వంశానికి మొదటి పెద్ద ఆయనే. ఎమ్మెల్యే అయ్యాక తువాలు భుజం మీంచి దించలేదు. ఎవరితో ఏ ఒప్పందమైనా దాని కిందే. పొలం తగాదా, కాంట్రాక్టు, కాపురం తగువు, అన్నీ.

ఇరవై ఒక్కేళ్ళ కిందట వెంకటరావమ్మతో కూడా అలాగే.

అప్పుడామె బుల్లయ్యగారి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ళకు మేస్త్రి. నలభై మంది. రోజంతా ముచ్చికలు గిల్లితే అరచేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా తగ్గవు. అందుకని భోజనాల వేళ ఎవరో ఒకరు దొంగతనంగా సరుకు నిలవుంచే చలి ఛాంబరులోకి దూరి, చల్లటి టిక్కీలకు, అదే, మిరప బస్తాలకు చేతులు ఆనించుకుని కాసేపు కూర్చునేవాళ్ళు. మేస్త్రి చూసీ చూడనట్టు పోయేది. తనూ దూరేది. ఆ రోజు జానీబీ దూరింది. ఆయాసం మనిషి. కాయల మధ్య కునుకు పట్టింది కాబోలు. సాయంత్రం వాచ్‌మన్ యలమంద తాళం వేస్తూ "అందరూ వచ్చారా మేస్త్రీ" అని అరిస్తే, తలకాయలు లెక్కపెట్టకుండానే "వచ్చారు, వచ్చారు" అంది వెంకటరావమ్మ. ఊరి ఆటో వెళ్ళిపోతోందని ఆమె తొందర ఆమెది.

పొద్దున తలుపు తీస్తే జానీబీ గడప దగ్గరే పడి ఉంది. మే నెల. బయట రోళ్ళు పగిలే ఎండ. వడదెబ్బకు పోయిందని కాగితం రాశారు. చలికి పోయిన మనిషిని.

బుల్లయ్యగారు వచ్చి వెంకటరావమ్మను పక్కకు పిలిచి తువాలు కప్పాడు. నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. "నాలుగేళ్ళు ఆగమ్మా. సర్పంచ్ సీటు ఆడవాళ్ళకొస్తుంది. నీ మీద ఎవరూ నిలబడరు. వడదెబ్బే అని నువ్వూ అను." నాలుగేళ్ళ తర్వాత సర్పంచ్ ఏకగ్రీవం. అక్కణ్ణుంచి మండలం, అక్కణ్ణుంచి జిల్లా. ప్రతి సభలో ఆమె చెప్పే మాట ఒకటే, తనను ఎవరూ తయారు చెయ్యలేదని. చెప్పీ చెప్పీ తనకే నిజమనిపించింది. జానీబీకి ఏడేళ్ళ కూతురుండేది. ఆ పిల్లే కౌసర్.

కోల్డ్ స్టోరేజీ ముందు గదిలోనే శివరామకృష్ణ ఎన్నికల ఆఫీసు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, సన్నటి మనిషి. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీలోంచి లేచాడు.

"రండక్కా. ఎండన పడొచ్చారు. లోపలికి పోదాం. ఇక్కడ చెవులెక్కువ, అక్కడైతే ఫోన్లు కూడా మోగవు."

కౌసర్‌ను వ్యానులోనే ఉండమని చెప్పి ఆమె అతని వెనకే నడిచింది. ఎక్కడికి తీసుకుపోతున్నాడో అర్థమయ్యేసరికి ఛాంబరు తలుపు తెరుచుకుంది. ఇరవై ఒక్కేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. లోపల కప్పు దాకా టిక్కీలు, ఒక్క పసుపు బల్బు. చలీ ఘాటూ కలిసి ఒక్కసారి గొంతులోకి దిగాయి. వెంకటరావమ్మకు భయమేసింది. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"తలుపు వెయ్యమాకండి బాబూ."

"వెయ్యన్లే." అతను లోపలికి రాలేదు. తలుపుకు వీపు ఆనించి, ఒక చెయ్యి దాని మీదే ఉంచి నిలబడ్డాడు. "చెప్పండి."

దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే వచ్చింది. అనుకున్నవన్నీ ఆ చలికి ఎగిరిపోయాయి.

"జానీబీ సంగతి మీకెవరు చెప్పారు బాబూ? పెద్దాయన పోయేముందు చెప్పాడా?"

శివరామకృష్ణ ఆమె వైపు చాలాసేపు చూశాడు.

"జానీబీ ఎవరక్కా?"

వెంకటరావమ్మకు అప్పుడు అర్థమైంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, తనంతట తనే నడిచొచ్చి, తన నోటితోనే చెప్పేసింది.

"ఆ ఫోన్ మీకొక్కరికే రాలేదక్కా," అన్నాడు శివరామకృష్ణ మెల్లగా. "లక్షా ఎనభై వేల మందికి పోయింది. అందరికీ అదే మాట. పేరొక్కటే మారుద్ది. మా నాన్న తువాలు కిందకి ఈ నియోజకవర్గంలో ఎవరి చెయ్యి రాలేదు చెప్పండి. ఎవరితో ఏం మాట్లాడాడో నాకొక్కటీ చెప్పకుండా పోయాడు. వారసుడంటారు నన్ను. తాళాలిచ్చి పెట్టె ఎక్కడుందో చెప్పకపోతే ఏం వారసత్వం."

"అందుకని..."

"అందుకని నేనేం అడగలా. మాట వదిలానంతే. పది రోజుల్నుంచి ఒక్కొక్కరే వస్తానే ఉన్నారు. నీకెలా తెలిసిందయ్యా అని మొదలుపెట్టి, వాళ్ళే మొత్తం చెప్పేసి పోతన్నారు. ఒకడు గట్టు జరిపిన సంగతి. ఒకావిడ మరిది చావు సంగతి. మీ వెనకాల తిరిగే జనంలో సగం మంది ఇక్కడ నిలబడి పోయినవాళ్ళే."

పొద్దున గడపల్లో నిలబడ్డ మొహాలన్నీ వెంకటరావమ్మ కళ్ళ ముందుకొచ్చాయి. ఫోన్ రాలేదన్న ప్రతి ఇంటికీ వచ్చింది. ఒకరికొచ్చిందని ఇంకొకరికి తెలియదు. ఎవరికి వాళ్ళు తమ ఒక్కరి పాపమే బయటపడిందనుకుని ఒణికిపోతున్నారు.

"మొన్న నాక్కూడా వచ్చింది," అన్నాడతను. గొంతు మారింది. "లిస్టులో నా నంబరు తియ్యడం మావాళ్ళు మర్చిపోయారు. 'ఏమయ్యా శివరామకృష్ణా, అన్నం తిన్నావా' అని. బతికుండగా మా నాన్న నన్ను ఆ మాట ఎప్పుడూ అడగలా. మిమ్మల్ని చూసి నేర్చుకోమనేవాడు. రోజూ అదే. ఆవిడ సొంతంగా పైకొచ్చింది, నువ్వు నా పేరు మీద తింటున్నావు అని. ఇవాళ ప్రాణం కుదుటపడిందక్కా. మీరూ ఆయన తయారుచేసిన మనిషే. ఈ ఎన్నికల్లో ఇద్దరం ఆయన పిల్లలమే నిలబడ్డాం."

అతను భుజం మీది తువాలు తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు. ఆ చెయ్యి ముందుకు చాపాడు.

"జానీబీ అంటే మీ కౌసర్ వాళ్ళమ్మ కదూ. నాకేం వివరాలొద్దు. సాయంత్రం మీటింగు పెట్టుకోమాకండి. ఒంట్లో బాలేదని పడుకోండి. ఓడిపోతారు, కానీ ఆ పిల్ల మిమ్మల్ని పిన్నీ అని పిలుస్తానే ఉంటది."

తువాలు అంచు కింద బొటనవేలు కనిపిస్తోంది. అదే మందపాటి కణుపు, అదే చదునైన గోరు. సన్నటి మనిషికి ఆ చెయ్యి ఒక్కటీ ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించినట్టుంది. వెంకటరావమ్మ తన చెయ్యి లేవడం చూసింది. తను లేపలేదు. అది దాని దారిన అది తువాలు వైపు పోతోంది, ఇరవై ఒక్కేళ్ళ కిందట నేర్చుకున్నది మర్చిపోకుండా. వేళ్ళకు గుడ్డ తగిలింది. తడిగా, చల్లగా ఉంది.

ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని వెనక్కి లాక్కుంది. అతన్ని దాటుకుని ఎండలోకి నడిచింది.

వ్యానులో కౌసర్ స్టీరింగ్ మీద ఓటరు స్లిప్పులు పేరుస్తోంది. వెంకటరావమ్మ పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. మంచినీళ్ళు తాగింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"కౌసర్, మీ అమ్మ వడదెబ్బకి పోలేదమ్మా."

చెప్పింది. చేతుల మంట, లెక్కపెట్టని తలకాయలు, ఆటో తొందర, నాలుగు వేళ్ళు, సర్పంచ్ సీటు. ఒక్కటీ మిగల్చలేదు. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల మొహం చూడలేకపోయింది.

కౌసర్ స్లిప్పులకు రబ్బరు బ్యాండు వేసింది.

"తెలుసు పిన్నీ."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. నేను గేటు కాడే ఉన్నా కదా, అమ్మ కోసం. చీకటి పడ్డాక లోపల్నుంచి తలుపు కొట్టిన చప్పుడు విన్నా. యలమంద తాతకి చెప్పా. పొద్దున అందరూ అది మిషను చప్పుడన్నారు. నేను చిన్నపిల్లని, మిషనే అనుకున్నా. పెద్దయ్యాక మిషను చప్పుడు ఎలా ఉంటుందో వచ్చి విన్నా. అలా ఉండదు."

"మరి నా దగ్గరికెందుకొచ్చావే?"

"ఆనాటి మేస్త్రివి నువ్వే కదా, నువ్వు చెప్తావేమోనని." కౌసర్ మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "ఎనిమిదేళ్ళు చూశా. నువ్వు మంచిదానివే పిన్నీ. అదే కష్టంగా ఉండేది. ఇప్పుడు నాకు చెప్పావు, సంతోషం. చాలదు. సాయంత్రం అందరి ముందూ చెప్పు."

"ఓట్లు పోతాయి."

"పోతయ్," అని కౌసర్ వ్యాను స్టార్టు చేసింది.

అయిదున్నరకు వేములపాలెం సెంటరు నిండిపోయింది. అంత జనం వస్తారని ఎవరూ అనుకోలేదు. వచ్చినవాళ్ళు నినాదాలివ్వలేదు, ఈలలు వెయ్యలేదు. పక్కపక్కనే నిలబడి ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. వెంకటరావమ్మ మైకు పట్టుకుంది.

"మీ అందరికీ ఫోన్ వచ్చింది. నాక్కూడా వచ్చింది. అది అందరికీ వచ్చిన మాటే. పేర్లు మార్చి పంపారు. ఎవరి సంగతీ ఎవరికీ తెలియదు, మీరు భయపడమాకండి." వేదిక మీద పక్కనే నిలబడ్డ కౌసర్ వైపు ఒకసారి చూసింది. "నన్నెవరూ తయారు చెయ్యలేదని పదిహేడేళ్ళుగా మీకు చెబుతున్నా. అబద్ధం. నన్ను బుల్లయ్యగారు తయారు చేశారు. జానీబీ శవం పక్కన నిలబెట్టి తయారు చేశారు."

మిగతాది కూడా చెప్పింది. చెప్పి మైకు దించింది. తను ఓడిపోయిందని ఆ క్షణంలో ఆమెకు స్పష్టంగా తెలిసింది. విచిత్రంగా దిగులనిపించలేదు.

అప్పుడు జనం మధ్యలో ఒక కర్ర పైకి లేచింది. ఎనభై ఏళ్ళ మనిషి, రెండు పక్కలా మనుషుల్ని పట్టుకుని నిలబడ్డాడు. యలమంద. ఇరవై ఒక్కేళ్ళుగా ఆ తాళం సంగతి ఎవరడిగినా చెవుడు నటించిన యలమంద.

"నేనూ ఒకటి చెప్పాలమ్మా," అన్నాడు. మైకు లేకపోయినా ఆ నిశ్శబ్దంలో చివరిదాకా వినపడింది. "నువ్వు అందరూ వచ్చారంటే తాళం ఏశా. రోజూ తాళాలు దొరగారింట్లో ఇచ్చి రావాల. ఆ రోజూ ఇచ్చొచ్చా. చీకటి పడ్డాక ఈ పిల్ల ఏడుస్తంటే తలుపుకి చెవి పెట్టా. కొడతంది. బతికే ఉంది. తాళాల కోసం పరిగెత్తా. పెద్దాయన ఊళ్ళో లేడు, హైదరాబాదు పోయాడు. తాళాలు చిన్నబాబు దగ్గరున్నయ్. పదిహేడేళ్ళోడు. లోపల మనిషుంది బాబూ, జానీబీ, అని పేరుతో సహా చెప్పా. రాత్రిపూట తలుపు తీస్తే చలిపోయి సరుకు పాడవుద్ది, నాన్న తిడతాడు, పొద్దున చూద్దాం పో అన్నాడు."

మధ్యాహ్నం ఛాంబరు గడప దాటని శివరామకృష్ణ వెంకటరావమ్మ కళ్ళ ముందు కదిలాడు. జానీబీ ఎవరక్కా, అని అడగడానికి ముందు అతను ఎంతసేపు ఆలోచించాడో గుర్తొచ్చింది. అతను వెతుకుతున్నది ఊరి రహస్యాలను కాదు. తన రహస్యం ఎవరి దగ్గరుందోనని.

ఆరు కావడానికి పదకొండు నిమిషాలున్నాయి. సెంటరు అవతల, సభ మొదలైనప్పటి నుంచీ ఆగి ఉన్న శివరామకృష్ణ తెల్లకారు ఇంజను స్టార్టయింది. జనం ఒకరూ ఇద్దరూ అటు తిరిగారు, తర్వాత అందరూ తిరిగారు. కారుకు అడ్డం ఎవరూ పోలేదు, దారి కూడా ఇవ్వలేదు.

వెంకటరావమ్మ పక్కకు చూసింది. వేదిక మీద కౌసర్ లేదు. అప్పటికే మెట్లు దిగి, జనాన్ని చేత్తో పక్కకు తప్పించుకుంటూ, ఒట్టి చేతులతో ఆ కారు వైపు నడుస్తోంది. కారు అద్దం మెల్లగా కిందికి దిగింది.